పెద్దమ్మ బొంత, పదహారో నంబరు సూది

ఆ రోజుల్లో కుట్టుమిషను ఉన్న ఇంటికి ఒక గౌరవం ఉండేది. ఆ మిషను తొక్కే ఆడపిల్లకు ఆ గౌరవానికి నాలుగింతల గర్వం ఉండేది. ఈ రెండో మాట నా గురించే చెబుతున్నాను. తెనాలిలో టైలరింగ్ పరీక్ష ప్యాసై, సర్టిఫికెట్‌కు పటం కట్టించుకుని (మా నాన్న ఫోటో కంటే అది కాస్త పెద్దదే), అన్నయ్యకు జీడిమెట్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే వదినకు తోడుగా హఫీజ్‌పేట వచ్చి పడ్డాను. డెబ్బైల్లో సంగతి. అప్పటికి ఇక్కడ ఇన్ని మేడలెక్కడివి? స్టేషను దిగితే రాళ్ళగుట్టలు, జొన్నచేలు, వాటి మధ్య మా ఇల్లు. మిషను స్టేషను నుంచి ఇంటిదాకా ఎడ్లబండి మీద ఊరేగుతూ వస్తుంటే, దాని పక్కన నడుస్తూ నేను అటూ ఇటూ చూసింది ఎవరైనా నన్ను చూస్తున్నారా అనే.

చూసింది ఒక్కరే. మేం కిరాయికి దిగిన ఇంటి యజమానురాలు. ఊరంతా ఆవిడను పెద్దమ్మ అనేది, మేమూ అలాగే అనేవాళ్ళం. మనిషి పొడుగరి, చేతికి వెండి కడియాలు, గొంతు ఎంతటిదంటే వాకిట్లో నిలబడి మేకను అదిలిస్తే స్టేషనులో రైలు కోసం నిలబడ్డవాళ్ళు తిరిగి చూసేవారు. బండి ఆగగానే మిషను చుట్టూ ఒకసారి తిరిగి, చక్రం మీద చెయ్యి వేసి, "గిది బొంతలు గూడ కుడతదా బిడ్డా?" అని అడిగింది. "ఏదైనా కుడుతుందండి" అన్నాను నేను, అదేదో నా కడుపున పుట్టిన మిషనైనట్టు.

అప్పటికి వదినకు నెలలు నిండుతున్నాయి. వాళ్ళమ్మగారికి ఒంట్లో బాగుండక పురిటికి పుట్టింటికి పంపే వీలు లేకపోయింది. ఆ బెంగతో వదిన సగం చిక్కిపోయింది. పెద్దమ్మకు ఆ సంగతి తెలిసిన మరునాడే కొండాపూర్‌లో ఉన్న తన చెల్లెలి ఇంటికి వెళ్ళి, మెత్తబడ్డ పాత నూలు చీరలు మూట కట్టుకుని వచ్చింది. "పరేషాన్ గాకు. అమ్మ దగ్గర లేకుంటే ఏమాయె, నేను లేనా? చలికాలం పుట్టే పోరగాండ్లకు కింద బొంత ఉండాలె" అంది వదినతో. చీరలు ఉతికి, ఎండలో ఆరేసి, ఐదు పొరలుగా పరిచి, అంచులకు చేత్తోనే పెద్దపెద్ద కుట్లు వేసి నా ముందు పెట్టింది. తన కళ్ళకు సన్నకుట్టు ఆనడం లేదట. "ఇగ మిగిలింది నీ మిషన్ పని" అంది.

నేను రవికలు కుట్టే పదకొండో నంబరు సూదితోనే కూర్చున్నాను. సూదుల్లో నంబర్లుంటాయని నాకు తెలియకపోలేదు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కాకపోతే ఆ సంగతి పరీక్ష కోసమేననీ మిషను కోసం కాదనీ నా నమ్మకం. జానెడు కుట్టు పడిందో లేదో టక్కుమని సూది విరిగింది. "దిష్టి తగిలింది" అంది వదిన. రెండో సూది బిగించాను. అది అంతదూరం కూడా రాలేదు. ఇంట్లో ఉన్నవి ఆ రెండే. పెద్దమ్మ విరిగిన ముక్కలను అరచేతిలో వేసుకుని కాసేపు చూసి, "గిది సూదా, నెత్తిమీది ఎంటికనా? పొద్దుగాల సికింద్రాబాద్ పోదాం, తయారుండు" అంది.

తెల్లారి నేను తయారై బయటికొచ్చేసరికి పెద్దమ్మ బొంతను చుట్టి నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. "సూది కొనడానికి బొంత ఎందుకండీ?" అన్నాను. "చెప్పులు కొనేటప్పుడు కాలు ఇంట్ల ఇడిచిపోతమా?" అంది. రైల్లో ఆవిడ బొంతను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఎదుటి బల్ల మీది ముసలాయన, లోపల పసిబిడ్డ ఉందనుకుని, కిటికీ గాలి తగలకుండా తన తువ్వాలు అడ్డం కట్టాడు. పెద్దమ్మ ఆయన మంచితనాన్ని కాదనలేదు. నేను మాత్రం సికింద్రాబాద్ దాకా నవ్వాపుకోలేక పళ్ళు బిగించి కూర్చున్నాను.

మిషన్ల దుకాణం ఆయన కళ్ళద్దాల మీదుగా చూసి, "అమ్మా, సూది కావాల్నంటే సూది అడుగు. ఈ పరుపేంది దుకాన్ల?" అన్నాడు. "పరుపు గాదు, బొంత" అని పెద్దమ్మ దాన్ని బల్ల మీద పరిచేసింది. అక్కడున్న దారపు ఉండలూ, ఆయన టీ గ్లాసూ దాని కింద మాయమయ్యాయి. "నీ మిషన్ మీద నాలుగు సూదులు పెట్టి కుట్టి చూపియ్యి. ఏది నడిస్తె అది తీస్కపోత." "గట్ల ఎవ్వలకు చూపియ్య" అన్నాడాయన. "ఎవ్వలకు చూపియ్యకు. నాకు చూపియ్యి" అందావిడ, ఎంతో నెమ్మదిగా. (నెమ్మదిగా మాట్లాడినప్పుడే ఆవిడంటే ఎక్కువ భయం వేసేది.) వెనక ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళు చేరి, వాళ్ళ పని మానేసి ఇటే చూస్తున్నారు. ఆయన నిట్టూర్చి, బొంత కిందనుంచి టీ గ్లాసు వెతికి తీసుకుని, మిషను ముందు కూర్చున్నాడు.

పద్నాలుగో నంబరు సూది నడిచింది గాని, అంచులు కలిసి పొరలు మందమైన చోట కుట్లు తప్పాయి. పదహారు పెట్టి, దారం కూడా ఒక పిసరు లావుది మార్చాడు. ఈసారి సూది పొరలన్నీ దాటుకుంటూ, ఎక్కడా తడబడకుండా సాగిపోయింది. బొంత మీద వరసగా పడుతున్న ఆ కుట్లను చూసి పెద్దమ్మ, "ఆఁ, గిదీ" అంది. కుట్టేకొద్దీ ఆయనక్కూడా ఉత్సాహం వచ్చింది. గుడ్డ ఎంత మందమైతే సూది అంత లావుదుండాలనీ, చదునుగా ఉన్న పక్కను చక్రం వైపుకు తిప్పి పైదాకా నెట్టి బిగించాలనీ, ఒక పెద్ద బొంత అయ్యాక సూది విరక్కపోయినా మార్చెయ్యాలనీ చెప్పాడు. "గుడ్డను చేత్తో గుంజొద్దు. సూది కింద ఉన్న ఇనుప పండ్లే గుంజుకుంటయి. గుంజితే సూది వంగుతది, వంగితే ఇరుగుతది." ఆ సూదులే నాలుగు కొన్నాం. తిరుగు ప్రయాణంలో పెద్దమ్మ ఆ పాఠమంతా నాచేత పైకి అప్పజెప్పించింది. రైలు డబ్బాలో ఉన్నవాళ్ళంతా విన్నారు. నా సర్టిఫికెట్ పరీక్ష దీనికంటే చాలా తేలిక.

ఆ రోజునుంచీ బొంత హాయిగా సాగింది. అంత హాయిగా సాగడమే నా కొంప ముంచింది. నిలువు గీతలతో తృప్తిపడక, మూలల్లో పూలు కుట్టాలని బుద్ధి పుట్టింది. ఇంతలో వదినకు అనుకున్నదానికంటే ముందే నొప్పులొచ్చాయి. దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. నలుసంత పిల్ల. రెండుమూడు రోజుల్లో ఇంటికి పంపిస్తారని అన్నయ్య చెప్పగానే, చివరి పువ్వు తొందరగా ముగించాలని బొంతను రెండు చేతులా గుంజాను. టక్. సూది పై ముక్క మిషనుకే ఉంది. కొన మాత్రం ఎక్కడా లేదు.

అది బొంతలో ఉండిపోతే పసిపిల్ల ఒంట్లో గుచ్చుకుంటుంది. అరిచి పెద్దమ్మను పిలిచాను. ఆవిడ వచ్చి, సంగతి విని, బొంతను నేల మీద పరిచి అరచేత్తో అంగుళం అంగుళం తడిమింది. అన్నయ్య పాత రేడియో విప్పి దాని అయస్కాంతం తెచ్చి బొంతంతా తిప్పాడు. దానికి ఒక తలపిన్ను తప్ప ఏదీ అంటుకోలేదు. లోపలి పొరల్లో ఇరుక్కుని ఉంటే అంత చిన్న అయస్కాంతానికి అందదు. "పోనీ ఇంకో దుప్పటి కొందామండీ" అన్నాడు అన్నయ్య. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "నీ పెండ్లాం తల్లి దగ్గర లేదని గదా ఇది కుట్టింది. ఇది పారేసి దుకాన్ల దుప్పటి ఏస్తమా? ఇప్పుదాం."

విప్పాం. నేను ఏడుస్తూ, ఆవిడ ఏవో పాత పాటలు కూనిరాగం తీస్తూ, కుట్టు కుట్టూ విప్పాం. నా పూలన్నీ దారపు పోగులై నేలరాలాయి. ఐదు పొరలూ వేరుచేసి, ఎండకు పట్టి చూసి, దులిపాం. సూది కొన లేదు. అన్నయ్య ఇల్లు ఊడ్చి చూశాడు. లేదు. ఇక ఏం చెయ్యాలో తోచక, చేతులకు ఏదో ఒక పని ఉండాలని మిషను వెనక్కి వాల్చి నూనె వెయ్యబోయాను. బాబిన్ పక్కన, దూది పీచులో, సూది కొన తళుక్కుమంది. పొద్దున్నుంచీ అక్కడే ఉంది.

దాన్ని కాగితంలో పెట్టుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆవిడ కాగితంలోకి చూసింది, మిషను వంక చూసింది, నేల మీద విడివిడిగా పడి ఉన్న చీరలను చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. కడియాలు గలగలలాడేలా, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుని, "దొరికింది గదా, ఇగ ఫికర్ లేదు. కొత్త సూది పెట్టి కూసో. ఈసారి పూలు వద్దు" అంది. నేను కూర్చున్నాను. నిలువు గీతలే కుట్టాను. ఆవిడ పొరలు జరగకుండా ఎదురుగా పట్టుకుని కూర్చుంది. నా బతుకులో నేను కుట్టినవాటిలో అంత తిన్నని కుట్లు ఇంకెప్పుడూ పడలేదు.

వదిన బిడ్డతో ఇంటికి వచ్చిన రోజు చలిగాలి వీస్తోంది. మంచం మీద బొంత పరిచాం. వదిన పిల్లను పడుకోబెట్టబోతుంటే పెద్దమ్మ, "ఆగు జర" అంది. చెంగు నడుముకు దోపుకుని, అంతటి మనిషీ ఆ చిన్న బొంత మీద పడుకుంది. ముందు ఒక చెంప, తరువాత రెండో చెంప, తరువాత రెండు చేతులూ మోచేతులదాకా ఆనించి, మెల్లగా అటూ ఇటూ దొర్లింది. కాళ్ళు మంచం బయటే ఉన్నాయి. "సూది కొన దొరికింది కదా పెద్దమ్మా" అన్నాను నేను, నవ్వుతూ. "దొరికినది దొరికింది. దొరకనిది ఉంటె?" అంటూ లేచింది. అప్పుడు పిల్లను తన చేతులతోనే తీసుకుని పడుకోబెట్టింది. వదిన ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఆ తరువాత ఎన్ని బొంతలు కుట్టానో. మేనకోడలి పిల్లలకు, ఇరుగింటి పిల్లలకు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించాలంటే మనవరాలిని పిలవాలి. కానీ బొంత పూర్తయిందంటే మాత్రం ఎవరినీ పిలవను. గది తలుపు దగ్గరకేసి, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, దాని మీద పడుకుని రెండు చెంపలూ ఆనించి చూసుకుంటాను. పడుకోవడం తేలికే. లేవడానికే ఈమధ్య కాస్త సమయం పడుతోంది.