మా తమ్ముడు పడుకున్న పెట్టెలు

మా తమ్ముడు నాగభూషణం కన్నుమూశాడు. పోయిన వారం ఒకరోజు పొద్దున్నే టీ తీసుకుని వెనక గదిలోకి వెళ్లి, "లేరా, చల్లారుతది" అన్నాను. లేవలేదు. చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది. నా వెనక పుట్టినవాడు అక్కనైన నాకంటే ముందు పోవడం ఏం న్యాయమో ఆ భగవంతుడికే తెలియాలి. ఏడుపు రాలేదు. గ్లాసు కింద పెట్టి, వాకిట్లోకి పోయి పక్కింటివాళ్లను పిలిచాను.

పటాన్‌చెరు అంగడిలో నాగభూషణం అంటే ఎవరికీ తెలియదు. మేనేజరు సేటు అంటేనే తెలుసు. సంగారెడ్డి, జిన్నారం చుట్టుపక్కల ఊళ్లలోనూ, తర్వాతి కాలంలో ఆయుధపూజ నాడు ఫ్యాక్టరీ గేట్ల ముందూ పౌరాణిక నాటకాలు ప్రదర్శించిన సమాజానికి వాడు నిర్వాహకుడు. వేషాలకు మనుషులను కుదర్చడం, లారీ మాట్లాడడం, తెరలు కట్టించడం, అందరూ తిన్నాక మిగిలింది తినడం వాడి పని. మాది కిరాణా దుకాణం నడుపుకునే కుటుంబం. గల్లాపెట్టె ముందు కూర్చోవలసిన కొడుకు నాటకాల వెంట పోయాడని మా నాయన ఆఖరిదాకా వాడితో సరిగా మాట్లాడలేదు.

ఒకసారి జిన్నారంలో జనం వచ్చి కూర్చున్నాక కూడా రాజు వేషధారి జాడ లేదు. పద్యాలన్నీ మా తమ్ముడికి కంఠస్థమే. "సేటూ, కిరీటం నువ్వే పెట్టుకో, ఇయ్యాల్టికి గట్టెక్కుతం" అని హార్మోనియం మల్లేశం బతిమాలాడు.

"నేను ముందటికొస్తే తెర గుంజేటోడెవడు? నువ్వా? నీ రెండు చేతులూ ఆ డబ్బా మీదనే ఉంటయి గదా" అన్నాడట వీడు.

సైకిలు తొక్కుకుంటూ బొల్లారం పోయి, షిఫ్టు దిగి బయటికొస్తున్న వేషధారిని వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు. నాటకం ఆలస్యమైంది గాని ఆగలేదు. జీవితంలో ఒక్కసారైనా వాడు రంగు పూసుకోలేదు.

వాడు ఏ కాగితమూ పారేసేవాడు కాదు. ఊరి పెద్దలు రాసిచ్చిన ఒప్పందాలు, అచ్చువేసిన కరపత్రాలు, లారీ రసీదులు, "భార్య ప్రసవించింది, ఈసారికి రాలేను" అని నటులు రాసిన ఉత్తరాలు, తన భార్య కమల ఆసుపత్రి చీటీలు, అన్నింటినీ వచ్చిన వరుసలో ఒకే ఇనుప తీగకు గుచ్చేవాడు. ఇంటివి వేరు, సమాజానివి వేరు అనే భేదం లేదు. తీగ నిండితే రేకు పెట్టెలో పెట్టేవాడు. సంతానం లేకుండానే కమల గతించాక ఆ పెట్టెలతో మా ఇంటి వెనక గదికి వచ్చాడు. మంచం, పెట్టెలు రెండూ ఆ గదిలో పట్టవు. మంచం అమ్మేసి, పెట్టెలను పక్కపక్కన జరిపి, వాటిమీద పరుపు వేసుకుని పడుకున్నాడు.

నాయన తర్వాత దుకాణం చూసుకుంటున్నది నేనే, పనికిరానిదానికి జాగా ఇచ్చే మనిషిని కాను. "ఒక పక్క రాయని కాయిదాలు ఇయ్యిరా, జీలకర్ర పొట్లాలు కట్టుకుంట" అని అడిగాను.

"నువ్వు ఎనక ఖాళీ సూస్తున్నవక్కా. ముందట మనుషులున్నరు."

"ఆ మనుషులొచ్చి నా దగ్గర ఉప్పన్న కొంటరా?"

"పింఛను రానీ, నీ దగ్గర్నే కొంటరు."

అది పరిహాసం కాదు. ముసలి కళాకారుల పింఛనుకు అర్జీ పెడితే, నాటకాలు ఆడినట్టు అచ్చులో పేరున్న కాగితం చూపించమని ఆఫీసులో అడిగేవారట. రంగు కడుక్కుని ఇంటికి పోయినవాళ్ల దగ్గర ఏముంటుంది? వీడి దగ్గర ఉండేది. ఎవరొచ్చినా పరుపు ఎత్తి, పెట్టె తెరిచి, కరపత్రం వెతికి, జిరాక్సు తీయించి ఇచ్చేవాడు. ఆఖరుకు సుగుణమ్మ మిగిలింది. రాణి పాత్రలకు పేరుపొందిన ఆ కళాకారిణి ఇప్పుడు సుల్తాన్‌పూర్‌లో ఒక క్యాంటీన్లో గిన్నెలు తోముతోంది. ఆమె కాగితం ఇంకా దొరకకముందే వాడి ఊపిరి ఆగిపోయింది.

మా ఇళ్లలో ప్రాణం పోయిన పక్కను ఉంచుకోరు. శవం లేచాక ఊరి బయట వదిలి వస్తారు. ఆ సాయంత్రం, జీవుడు పోయిన చోట దీపం పెడదామని గదిలోకి వెళ్తే నేల బోసిగా ఉంది. మా పెదనాన్న కొడుకు వీరేశం అన్న వాకిట్లో కూర్చుని ఉన్నాడు.

"అన్నా, పెట్టెలేవి?"

"పరుపుతోనే పంపిచ్చిన చెల్లె. ఆటోల ఏయించి కాల్వ కాడ దింపిచ్చిన."

"పరుపంటే పక్క. పెట్టెలు పక్కెట్లయితయే?"

"మరి పానం దేనిమీద పోయింది? మంచముంటే మంచం పోతుండె. లేదు గాబట్టి పెట్టెలు పోయినయి. ఇంటికి మంచిది గాదు. నువ్వు పరేషాన్ గాకు."

ఆయన చెడు తలచలేదు. పెద్దలు చెప్పినట్టే చేశాడు.

తెల్లవారి షేర్ ఆటో ఎక్కి కాలువ దగ్గరికి పోయాను. రాత్రంతా వాన కొట్టింది. పరుపు అక్కడే ఉంది. రేకుకు ధర ఉంటుంది కనుక పెట్టెలను ఎవరో పట్టుకుపోయారు. కాగితాలకు ధర లేదు కనుక కుమ్మరించి పోయారు. తీగలకు గుచ్చినవి గుచ్చినట్టే ఫ్యాక్టరీల మందునీళ్ల వాసన కొట్టే బురదలో పడి ఉన్నాయి. కుచ్చిళ్లు దోపుకుని దిగాను. అందినవి గోనెసంచిలో వేసుకొచ్చి దాబా మీద ఆరేశాను. కొన్నింటిలో అక్షరాలు మిగిలాయి. చాలావాటిలో నీలి మరకలే మిగిలాయి. కమల చీటీలు బాగానే ఉన్నాయి. సుగుణమ్మ పేరున్న కాగితం ఒక్కటీ లేదు.

పలకరింపుకు వచ్చిన సుగుణమ్మకు ఆ సంగతి దాచకుండా చెప్పాను. "పోనీయక్కా. సేటే పోయిండు, కాయిదం పోతే ఏంది" అంది. కొంగుతో మొహం తుడుచుకుని, కాసేపటికి, "నేను ఆడిన అని ఇగ ఎవర్ని అడగాలె?" అంది.

తమ్ముడా, నువ్వు పోయాక నీ కుర్చీలో కూర్చునే మనిషి ఈ ప్రాంతంలో లేడు. ఒకరి పేరు చెరిగిపోకుండా తన నడుం కింద దాచుకుని పడుకున్న మనిషిని నేను మళ్లీ చూడను. నీ ఆత్మకు శాంతి కలగాలని నలుగురిలాగా అనలేను, నీ పని అర్ధంతరంగా ఆగింది గనుక. నేను నాలుగో తరగతి చదివినదాన్ని. నా మాట ఏ ఆఫీసులో చెల్లుతుందో తెలియదు. అయినా అచ్చులో పేరు కావాలన్నారు కనుక, నీకు పెడుతూ పేపరులో అచ్చుకిస్తున్న ఈ నమస్కారంలోనే ఇంటిపేరుతో సహా రాస్తున్నాను. పెద్దింటి సుగుణమ్మ, రాణి వేషధారిణి, సంగారెడ్డిలో ఆడింది, జిన్నారంలో ఆడింది. జనంలో కూర్చుని చూసినదాన్ని నేను.