తాజీరాత్ ఉయ్యాలో

ఆ రోజుల్లో వకీలు కావాలంటే బుర్ర కంటే ముందు నాలుక తిరగాలి. నిజాం రాజ్యంలో కానూనంతా ఉర్దూలో ఉండేది మరి. నాదేమో శామీర్‌పేట వానాకాలం చదువు. అప్పటికే ఒకసారి వకాలత్ పరీక్ష తప్పి ఉన్నాను. "గీసారి గిట్ల తప్పితే ఇగ నాగలి వట్టుడే" అని బాపు తేల్చేశాడు. నాగలికీ నాకూ మొదటి నుంచీ పడదు (ఆ సంగతి ఎడ్లకు కూడా తెలుసు).

పగలంతా అరుగు మీద కూర్చుని తాజీరాత్, అంటే నేరాలూ శిక్షలూ ఉన్న పుస్తకం, వల్లె వేసేవాణ్ని. పొద్దున ఎక్కింది సాయంత్రానికి దిగిపోయేది. నా అవస్థ చూడలేక, బాపును కన్న మా అవ్వ రంగంలోకి దిగింది. ఆమెకు ఉర్దూ ముక్క రాదు కానీ, బతుకమ్మ పాటలు ఎన్ని పాడినా ఒక్క చరణం తప్పేది కాదు. "పాట గట్టుకో బిడ్డా, పాటైతే యాడికి వోదు" అంది. నేను ఒక్కో ముక్క చదవడం, ఆమె బియ్యం ఏరుతూ చివర ఉయ్యాలో తగిలించడం. ఆడవాళ్ల పాటేందిరా అని దోస్తులు నవ్వారు కానీ, పండుగ నాటికి దొంగతనం, దోపిడీ, మోసం అన్నీ నోటికి వచ్చేశాయి. వాడకట్టు ఆడవాళ్లు నీళ్లకు పోతూ హత్యానేరం పాడుకునేవాళ్లు.

రాత పరీక్ష ఎలాగో గట్టెక్కింది (నా పెదవులు కదులుతుంటే, దేవుణ్ని మొక్కుకుంటున్నాననుకుని కాపలా ఆయన వదిలేశాడు). తర్వాత నోటి పరీక్ష. నెరిసిన గడ్డం, షేర్వానీతో ఉన్న పెద్దాయన దొంగతనం అంటే ఏమిటో చెప్పమన్నాడు. పాట లేకుండా చెబుదామంటే ఒక్క మాట రాదు. కళ్ల ముందు నాగలి కదిలింది. ఇక సిగ్గు వదిలేసి అందుకున్నాను.

"జో కోయీ షఖ్స్ ఉయ్యాలో, కిసీ కా మాల్ ఉయ్యాలో, బద్‌నీయతీ సే ఉయ్యాలో..."

ఎవడైనా పరాయి సొత్తును చెడుబుద్ధితో తీసుకుంటే అని మొదలుపెట్టి, ఒక్క ముక్క పోకుండా చివరిదాకా పాడేశాను. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఈ ఉయ్యాలో ఏ దఫాలో ఉంది మియా అని ఉర్దూలో అడిగాడు.

"వో హమారీ దాదీ కీ దఫా హై, హుజూర్" అన్నాను. అది మా అవ్వ పెట్టిన సెక్షను అని.

ఆయన గడ్డం అదిరేలా నవ్వి, మోసం కూడా పాడమన్నాడు. అదీ పాడాను. పక్క గదిలోవాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడి మరీ విన్నారు.

పాసయ్యాను. ఆ కబురుతో మేడ్చల్‌లో రైలు దిగితే బాపు బండి కట్టుకుని వచ్చాడు. ఇంటికి చేరాక కాళ్లకు నీళ్లిచ్చి, పీట వాల్చి, "వకీల్ సాబ్, అన్నం తినున్రి" అన్నాడు. అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

తర్వాత కోర్టుల్లో ఎందరో నన్ను వకీల్ సాబ్ అన్నారు. వినీ వినీ అలవాటైపోయింది. ఆ పూట మాత్రం మీసాలు సరిగా రాని ఆనాటి కుర్రాడు, బాపు అన్న ఆ మాటతో, ముద్ద నోట్లో పెట్టకుండానే కడుపు నింపుకుని లేచాడు. వాణ్ని తలుచుకుంటే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది.