తలుపు వైపు తిప్పిన బల్ల

తొంభైల చివర్లో, అసెంబ్లీ ఎన్నికలు దగ్గరపడుతున్న ఒక వేసవిలో, జమ్మలమడుగులోని ఒక చిన్న ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరాను. అదే నా మొదటి ఉద్యోగం. ప్రొద్దుటూరులో పాలు తాగే పాపను అత్తగారి దగ్గర వదిలి రోజూ బస్సులో వెళ్లేదాన్ని. పాప ఏడుస్తోందేమోనన్నది ఒక దిగులు. దారిలో ఏ ఊరి దగ్గర గొడవ జరిగి బస్సు ఆగిపోతుందోనన్నది రెండో దిగులు. ఇప్పుడు ఆ ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నాను. పిల్లలు నిద్రపోయాక దొరికే కాసేపట్లో ఇది రాస్తున్నాను.

ఎముకల డాక్టరు కర్నూలు నుంచి అప్పుడప్పుడు వచ్చేవారు. రోగనిర్ణయం ఆయనది. ఫిజియో తన పరీక్షలో తేలింది కేసు షీటులో రాయవచ్చుగానీ ఆయన మాటను కొట్టివేయకూడదు. మగరోగి వస్తే గదిలో ఆయా ఉండాలి. ఆ ప్రాంతానికి తగిన నియమం ఇంకొకటి ఉండేది: వెంట తెచ్చుకున్న ఆయుధాలు గేటు దగ్గర వాచ్‌మన్‌కు అప్పగించి లోపలికి రావాలి.

చెన్నారెడ్డి అలా అప్పగించి వచ్చినవాడే. పులివెందుల దిక్కు పల్లె. ఒక నాయకుడి జీపులో తోడుగా తిరిగే మనిషి. బామ్మర్ది గంగన్న భుజం పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. ఎక్స్‌రేలో డిస్కు అరిగినట్టు ఉందని, కర్నూలులో ఆపరేషన్ చేద్దామని డాక్టరు అప్పటికే చెప్పారు. తేదీ ఖాయమయ్యేలోగా నొప్పి తగ్గించమని నా దగ్గరికి పంపారు.

ఆపరేషన్ అంటే భయమా అని అడిగాను. కత్తికి భయపడలేదతను. "ఎలక్షన్ల కాలం మేడం. ఆపరేషన్ అయినాక నెలల తరబడి మంచం మీద పడుండాల. మంచం మీద పడున్నోన్ని ఏం చేస్తారో మా ఊర్లో చిన్నపిల్లోల్లకు గూడా తెల్సు" అన్నాడు. ఆ మాట విన్నాక ఆ కేసు నాకు మామూలు కేసుగా కనిపించలేదు.

నొప్పి ఎక్కడో చూపించమంటే నడుమంతా తడమలేదు. బెల్టు కింద, పిరుదు పైన సొట్ట పడే చోట ఒక్క వేలు పెట్టాడు. వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థి కటి ఎముకతో కలిసే చోటు అది. మేము ఎస్.ఐ. జాయింట్ అంటాం. చాలా కొద్దిగా మాత్రమే కదిలే కీలు. కాన్పు తర్వాత నాకూ అక్కడే నొప్పి వచ్చింది కాబట్టి ఆ వేలు నాకు బాగా అర్థమైంది. కాలు చాచి పైకెత్తితే నరం లాగలేదు. తిమ్మిరి లేదు, బొటనవేలి బలం తగ్గలేదు. డిస్కు నరాన్ని నొక్కుతోందనడానికి గుర్తులవి. అవి ఉంటే మసాజు జోలికి పోకుండా డాక్టరు దగ్గరికే పంపేదాన్ని. మడమను రెండో మోకాలి మీద పెట్టించి, మడిచిన మోకాలిని కిందికి నొక్కగానే ఆ సొట్ట దగ్గరే నొప్పని అరిచాడు.

"ఏంది బావా, వాళ్లు బాంబులేసినా అరవనోనివి, మేడం చెయ్యేస్తానే అరుస్తాండావు!" అన్నాడు గంగన్న.

"నోర్ముయ్యిరా. నీ నడుమైతే తెలుస్తాది."

జీపులో ఎలా కూర్చుంటావని అడిగితే కారణం దొరికింది. ఏళ్ల తరబడి సీటు అంచున ఒక పిరుదు మీదే కూర్చుని, ఒక కాలు బయట మెట్టు మీద పెట్టి, ఎప్పుడైనా దూకేందుకు సిద్ధంగా ఉంటాడు. ఆ బరువంతా ఒక పక్క కీలు మోసింది. ఇది డిస్కు నొప్పిలా లేదని కేసు షీటులో రాసి డాక్టరుకు చూపించాను. ఆయన కోప్పడలేదు. మళ్లీ తాను వచ్చేలోగా తేడా చూపించమనీ, లేకపోతే ఆపరేషన్ తప్పదనీ అన్నారు.

అతణ్ణి బోర్లా పడుకోబెట్టి నడుము, పిరుదుల కండరాలకు మసాజు మొదలుపెట్టాను. మసాజు కీలును సరిచేయదు. కీలు చుట్టూ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది, అంతే. ఆ కండరమేమో అరచేతి కింద చెక్కలా ఉంది. బయట ఏ జీపు చప్పుడైనా మోచేతుల మీద లేచి వెనక్కి తిరిగేవాడు. నేను ఇంకా గట్టిగా నొక్కాను. నాలుగు పూటలయ్యేసరికి నొప్పి పెరిగింది.

ఆ ఆదివారం ఇంట్లో అత్తగారు కాళ్లు చాచి కూర్చుని, పాపను వాటి మీద బోర్లా వేసి నూనె రుద్దుతున్నారు. పాప కొయ్యలా బిగుసుకుని ఒకటే ఏడుపు. "బిడ్డకు నువ్వు కనపడకపోతే ఎట్లమ్మా, ఈ పక్క వచ్చి కూచో" అన్నారు. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. పాప ఒళ్లు వదిలేసింది. చెన్నారెడ్డి నాకు అప్పుడు అర్థమయ్యాడు. తలుపుకు వీపు పెట్టి పడుకోవడం అతని వృత్తిలో చావును పిలవడం. నేను రోజూ అతణ్ణి సరిగ్గా అలాగే పడుకోబెడుతున్నాను.

సోమవారం ఆయా, నేను కలిసి బల్లను తిప్పేశాం. బోర్లా మానేసి, తలుపు కనిపించేలా పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి పడుకోబెట్టాను. తలుపు దగ్గర గంగన్నను నిలబెట్టాను. మెల్లగా, మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో పిరుదు కండరం మీద ఒత్తిడి పెంచుతూ పోయాను. కాసేపటికి చెక్కలాంటి ఆ కండరం పిండిలా మెత్తబడింది. ఇంకాసేపటికి గురక వినిపించింది.

"మేడం, పెండ్లయినకాడ్నుంచి ఈయప్ప ఇట్ల నిద్రపోయింది మా యక్క గూడా సూల్లేదు" అన్నాడు గంగన్న గొంతు తగ్గించి.

కండరం వదులయ్యాక వ్యాయామం చేయించాను. వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, మోకాళ్ల మధ్య దిండు నొక్కడం. జీపులో రెండు పిరుదుల మీద, లోపలికి కూర్చోమన్నాను. లోపల కూర్చుంటే దిగేలోపల నరికేస్తారన్నాడు. అంచున కూర్చుంటే దిగి పరిగెత్తలేవు కదా అన్నాను. అతను బామ్మర్ది వైపు తిరిగాడు. "ఇంగ అంచున నువ్వు కూచోరా."

"నా నడుం పోతే?"

"మేడం ఉండాది గదా!"

డాక్టరు వచ్చిన రోజు కేసు షీటు ఆయన ముందు పెట్టాను. ఆయన నా పరీక్షలన్నీ తానే మళ్లీ చేశారు. సొట్ట దగ్గర వేలితో నొక్కారు. నొప్పి ఉన్న పక్క కాలి మీద ఒంటికాలితో నిలబడమన్నారు. చెన్నారెడ్డి నిలబడ్డాడు. నిలబడి, అడక్కపోయినా, రెండో కాలు పైకి మడిచి చెప్పు విప్పి చూపించాడు. డాక్టరు నవ్వి, నా ముందే ఆపరేషన్ మాట కొట్టేసి, కింద 'ఎస్.ఐ. జాయింట్, ఫిజియోథెరపీ కొనసాగించాలి' అని రాశారు. చెన్నారెడ్డి ఎవరి భుజమూ పట్టుకోకుండా గేటు దాకా నడిచాడు. వాచ్‌మన్ తన ఆయుధాలు అందిస్తే గంగన్నకు ఇప్పించి, జీపులో లోపలి సీటులో కూర్చున్నాడు. ఆ రోజు నుంచి నడుము నొప్పి రోగులకు ఆపరేషన్ రాసే ముందు డాక్టరు నా పరీక్ష అడిగేవారు. ప్రొబేషన్‌లో ఉన్న ఫిజియోకు అంతకంటే పెద్ద గుర్తింపు ఆ ఆసుపత్రిలో లేదు.

కాపలా కాస్తున్న కండరం ఎంత బలమైన చేతికీ లొంగదు. నొప్పి ఎక్కడ అని అడిగిన తర్వాత, ఈ మనిషి దేనికి జాగ్రత్తపడుతున్నాడు అని కూడా అడగాలి. బల్ల ఎటు వేయాలో ఆ జవాబును బట్టి తేలుతుంది. చికిత్స అక్కడి నుంచి మొదలవుతుంది.