సారుకు అంతుపట్టని ఒంటి చెప్పు

మా వీధి ఫిజిక్స్ సారు పోయారు. సూర్యాపేట దవాఖానాలో ఊపిరి కోసం కొట్లాడి కొట్లాడి ఓడిపోయారని ఆయన బామ్మర్ది ఫోన్ చేశాడు. శవాన్ని మా మిర్యాలగూడకు తెచ్చేసరికి ఎండ ముదిరింది.

నేను బడి మధ్యలో మానేసినవాణ్ణి. నాకు చదువంటే సారుతో తిరగడమే. ఒకసారి కోదాడలో పెళ్లికి పోయాం. (ఆ వంకాయ కూర గురించి చెప్పాలంటే ఇంకో పేజీ కావాలి, వదిలేద్దాం.) తిరిగొచ్చేటప్పుడు ఫంక్షన్ హాల్ మెట్ల దగ్గర జతలన్నీ పోయి, ఒకే ఒక్క చెప్పు మిగిలి ఉంది. సారు దాని ముందు ఆగిపోయారు.

"సూడు. సృష్టి మొదట్ల పదార్థం, దానికి ఎదురు పదార్థం జతలు జతలుగ పుట్టినయ్. రెండూ తాకితే రెండూ ఖతం, ఉత్త వెలుగే మిగులుతది. గని వందకోట్ల జతలు పోతే గిట్ల ఒక్కటి మిగిలింది. సుక్కలు, నువ్వు, నేను, అంత గా మిగులే."

"గా మిగులు యాడికెల్లొచ్చింది సారూ?"

"తెల్వదు. కొన్ని కణాలు, వాటి ఎదురు కణాలు ఒక్కతీరుగ విరగవు, జర తేడా ఉంటది. గని ఇంత మిగులుకు గా తేడా చాలదు. గది తెల్వంది నేను సావను పో!"

'తెల్వదు' అనడానికి ఆయన ఏనాడూ సిగ్గుపడలేదు. సారుకే తెల్వదంట అని పిల్లల తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే, కాలేజీలో కొలువు పోయింది గానీ మాట మారలేదు.

మూడో రోజు కాల్వగట్టున పిట్టకు పెట్టాం. విస్తరిలో అన్నం, ఆయనకిష్టమైన పచ్చిపులుసు. కాకులు వచ్చాయి, చూశాయి, పోయాయి. ఇన్ని రైస్ మిల్లులున్న ఊళ్లో కాకికి మన మెతుకులు ఒక లెక్కా? కానీ పిట్ట ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలినట్టని మా నమ్మకం. సారు భార్యను నేను చెల్లెమ్మ అంటాను. ఆమె ముఖం నల్లబడింది.

"అక్కను మంచిగ సూసుకుంట బావా" అని బామ్మర్ది మొక్కాడు. పిట్ట రాలేదు.

చెల్లెమ్మ నావైపు తిరిగింది. "అన్నా, ఆయనకు తీరని కోరికేందో నీకే ఎరుక."

"జవాబు దొరికిందని చెప్పరాదే పెద్దాయనా, తినిపోతది!" అన్నాడు బామ్మర్ది నా చెవిలో.

నోరు తెరిచాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "వద్దన్నా. ఆయనకు అబద్ధం చెప్పకు."

"సారూ, ఇంకా తెల్వదు" అన్నాను.

గాలికి విస్తరి లేవబోయింది. చెల్లెమ్మ ఒక అంచును చేత్తో అదిమిపట్టి, ఆకాశం చూస్తూ పక్కనే కూర్చుంది. మనిషి అంత దగ్గరుంటే పిట్ట రాదని ఆమెకు మాలో ఎవరమూ చెప్పలేకపోయాం.