నేను వెళ్లినప్పుడు మాత్రమే నడిచిన కంప్యూటర్

2023 వానాకాలం. కరీంనగర్ బస్టాండు వెనక వీధిలో నా కంప్యూటర్ల దుకాణం పెట్టి అప్పటికి పద్నాలుగేళ్లు. అమ్మడం, బిగించడం, బాగుచేయడం మూడూ నేనే చూసుకుంటాను. మా తాత కాలంలో సిరిసిల్ల వైపు మూడు ఊళ్ల మీద మా ఇంటి పెత్తనం నడిచింది. గడి అనే ఆ కోటలాంటి ఇల్లు కూలింది, భూములు పోయాయి. ఆ కథ ఇక్కడ అనవసరం. నేను ఏనాడూ ఇంటిపేరు చెప్పి సరుకు అమ్మలేదు. నేను అమ్మిన సరుకు చెడ్డదని ఎవరి చేతా అనిపించుకోలేదు కూడా. ఆ రెండో మాట ఆ ఏడు తప్పబోయింది.

సిరిసిల్ల నుంచి రాజేశం, అతని భార్య సుజాత మా దుకాణానికి వచ్చారు. వాళ్లవి నాలుగు పవర్‌లూమ్‌లు. రెండింటికి ఎలక్ట్రానిక్ జకార్డ్ బిగించుకున్నారు. జకార్డ్ అంటే మగ్గం మీద ఏ పోగు ఎప్పుడు లేవాలో చెప్పే యంత్రం. పల్లూలో నెమలి దిగాలన్నా, అంచులో మామిడిపిందె పడాలన్నా అదే చేయాలి. వెనకటి రోజుల్లో అట్టముక్కలకు రంధ్రాలు కొట్టి పెట్టేవాళ్లు, ఇప్పుడు కంప్యూటర్లో గీసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు. ఆ గీసే పని సుజాత నేర్చుకుంది.

"సార్, పెద్ద డబ్బా కంప్యూటర్ గావాలె. గని మాకు జాగలేదు," అన్నాడు రాజేశం.

వాళ్లింటికి వెళ్లి చూశాను. మగ్గాల షెడ్డుకూ వంటింటికీ నడుమ చెక్కలతో కట్టిన ఒక గది. మంచం వేస్తే మనిషి నిలబడలేడు. అక్కడ టవర్ క్యాబినెట్ పెట్టడం కుదరదు. మినీ పీసీ తీసుకొమ్మన్నాను. అరచేతికంటే కొంచెం పెద్దదైన చదరపు పెట్టె అది. లోపల ఎనిమిది కోర్ల ప్రాసెసర్, ముప్పై రెండు జీబీల ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. పెద్ద డబ్బా చేసే పనంతా చేస్తుంది. రాజేశం దాన్ని చేతిలో పట్టుకుని బరువు చూశాడు.

"గింత లేదు, గిదేం పనిజేస్తది సార్? పాన్‌డబ్బా లెక్కున్నది."

"నామీద నమ్మకం ఉంటే తీసుకో, లేకుంటే వద్దు," అన్నాను. నా అమ్మకం పద్ధతి అంతే. తీసుకున్నారు.

గోడలో ఉన్న గూట్లో దాన్ని అమర్చి, లేస్తూ ఒక్క మాట గట్టిగా చెప్పాను. "దీనికి దుమ్ము సోకనియ్యద్దు. షెడ్డుల లేచే నూలు నూగు లోపలికి పోయిందంటే మిషిన్ పాడైతది." సుజాత తలూపింది.

రెండు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఫోన్ వచ్చింది, మిషిన్ తనంతట తానే ఆగిపోతోందని. వస్తున్నానని చెప్పి బయల్దేరి వెళ్లాను. గది ఊడ్చి ఉంది, పెట్టె తుడిచి ఉంది, కుర్చీ మీద ఉతికిన తువ్వాల పరిచి ఉంది. రెండు గంటలు కూర్చుని బరువైన పనులే చేయించాను. ఒక్కసారి కూడా ఆగలేదు. మగ్గాలు మొదలైనప్పుడు కరెంటు కుంగుతోందేమోనని యూపీఎస్ పెట్టించాను. వారం తిరగకముందే మళ్లీ ఫోన్. మళ్లీ చెప్పి వెళ్లాను. మళ్లీ అది బుద్ధిగా నడిచింది. ఈసారి నాకు కోపం వచ్చింది.

"నేనుంటే మంచిగనే నడుస్తాంది. నేను పోయినంక మీరేం నొక్కుతున్నరు?"

"ఏం నొక్కలేదు సార్, ఒట్టు," అంది సుజాత.

"మరి నేనొస్తే ఎందుకు ఆగది? నన్ను చూసి భయపడుతదా?"

రాజేశం నవ్వబోయి నా ముఖం చూసి ఆగాడు. వాళ్లకు వాడటం రాలేదని మనసులో తీర్పు ఇచ్చేసి వచ్చాను.

మూడో ఫోన్ భాద్రపదంలో, పొద్దున తొమ్మిదికి వచ్చింది. ఈసారి రాజేశం నేరుగా సంగతి చెప్పాడు. హైదరాబాదు వ్యాపారి ఒకరు కొత్త పల్లూకు నమూనా అడిగారు. సాయంత్రం నాలుగుకు ఆయన గుమాస్తా వస్తాడు. నమూనా చేతికిస్తే నాలుగు మగ్గాలకూ దసరా దాకా పని. లేకుంటే ఆ పని పక్క వీధికి పోతుంది. అప్పటికి నెలరోజులుగా రెండు మగ్గాలు ఖాళీగా ఉన్నాయి. సుజాత మళ్లీ బీడీలు చుట్టడం మొదలుపెట్టింది.

పదకొండున్నరకు చేరాను. ఎప్పటిలాగే గది అద్దంలా ఉంది, మిషిన్ నడుస్తోంది. అంచు దిద్దడం ఇంకా మిగిలి ఉంది. సుజాత తల ఎత్తకుండా చేస్తోంది. అది అయ్యాక మొత్తం డిజైన్‌ను మగ్గానికి అర్థమయ్యే ఫైలుగా మార్చాలి. ఆ మార్పిడికి పాతిక నిమిషాలు పడుతుంది, మధ్యలో ఆగితే మొదటికి వస్తుంది. సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఆ ఒక్క మిషిన్‌కే ముడిపడి ఉంది కాబట్టి వేరే కంప్యూటర్ తెచ్చినా లాభం లేదు.

ఒంటిగంట దాకా కాపలా కూర్చున్నాను. ఏమీ కాలేదు. రాజేశం తినమన్నాడు. ఇంకొకరింట భోజనానికి కూర్చోవడం నాకు అలవాటు లేదు. రోడ్డు మీద చాయ్ తాగి వస్తానని లేచాను. గంట పడుతుందన్నాను. హోటల్లో చాయ్ దొరకలేదు, అంత రద్దీ. ఇరవై నిమిషాలకే తిరిగి వచ్చి, పిలవకుండా తలుపు తోశాను.

స్క్రీన్ నల్లగా ఉంది. సుజాత రెండు చేతులూ తలమీద పెట్టుకుని కూర్చుంది. గూట్లో పెట్టె కనబడలేదు. దాని చోట తెల్లటి గుడ్డ సంచి ఉంది. దగ్గరికి పోయి చూస్తే అది సంచి కాదు, తొడుగు. కొలత పెట్టి కుట్టినట్టు పెట్టెకు అతుక్కుని ఉంది. వైర్లకు మాత్రం చిన్న చిన్న కాజాలు తీసి ఉన్నాయి. వాళ్ల మగ్గం మీద నేసిన దట్టమైన నూలు గుడ్డ. చేయి పెడితే చుర్రుమంది.

"ఇదేంది సుజాతమ్మా?"

"మీరే అన్నరు గద సార్, దుమ్ము సోకద్దని. మీరు పోయిన వారమే కుట్టిన."

"మరి ఇన్నాళ్లూ నాకు కనబడలేదెందుకు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "మీరొస్తున్నరంటే తీస్తం సార్. పెద్దమనిషి ఇంటికొస్తే మిషిన్‌కు ముసుగేసి చూపెడ్తమా?"

ఆ చిన్న పెట్టె కింది నుంచి చల్లగాలి పీల్చి వెనక నుంచి వేడి వదలాలి. పెద్ద డబ్బాలో ఉన్నంత ఖాళీ దీని లోపల ఉండదు. గాలి ఆడకపోతే ప్రాసెసర్ కాలిపోకుండా తనే ఆగిపోతుంది. థర్మల్ షట్‌డౌన్ అంటాం. దుమ్ము గురించి చెప్పిన నేను గాలి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్లు నా మాట అక్షరాలా పాటించారు. పైగా నాచేత మాట పడ్డారు.

తొడుగు తీసి మిషిన్ వేశాను. రెండు నిమిషాల్లో మళ్లీ ఆగింది. మూత విప్పాను. గుడ్డ సందుల్లోంచి రోజూ కొంచెం కొంచెం దూరి పేరుకున్న సన్నని నూగు హీట్ సింక్ రేకుల మధ్య దూదిపొరలా పట్టింది. లోపలి ఫ్యాన్ వేలితో తిప్పినా తిరగడం లేదు. ఇప్పటి వేడికి ఇరుసు బిగిసిపోయింది. ఆ సైజు ఫ్యాన్ సిరిసిల్లలో దొరకదు. టైం ఒకటీ నలభై. మగ్గానికి గంటన్నర కావాలి.

బ్రష్షుతో రేకులు శుభ్రం చేశాను. మూత లేకుండానే, టేబుల్ ఫ్యాన్ గాలి నేరుగా రేకుల మీదికి కొడుతూ నడిపించాలి. కానీ గాలి నిండా నూగే. పది నిమిషాల్లో రేకులు మళ్లీ మూసుకుపోతాయి. "మగ్గాలన్నీ ఆపు," అన్నాను. రాజేశం తన రెండూ ఆపాడు. మోత కొంతే తగ్గింది. సగం ఎత్తు గోడకు అవతల పక్కింటి మల్లేశానివి నాలుగు మగ్గాలు నడుస్తున్నాయి. రాజేశం పోయి అడిగి తిరిగి వచ్చాడు.

"ఇనడు సార్. నీ కంప్యూటర్ కోసం నా మగ్గం బందు వెడ్తనా అంటుండు."

నేను వెళ్లాను. మల్లేశానికి అరవై ఏళ్లు దాటాయి. నన్ను చూసి మగ్గం మీంచి చేయి తీయకుండానే అన్నాడు: "రాండ్రి దొరా. మీ తాత గడిల నుంచి కబురొస్తే మా బాపు నడిమి పోగు ఇడిచిపెట్టి ఉరికేటోడు. గిప్పుడు మనుమడు కబురు తెచ్చిండా?"

చెవులు వేడెక్కాయి. వెనక్కి తిరిగి వెళ్లిపోవడం ఒక్క అడుగు పని. గోడ మీంచి సుజాత చూస్తోంది.

"కబురు కాదు మల్లేశమన్నా. నేను సరిగ్గా చెప్పక వాళ్ల మిషిన్ చెడింది. అర్ధగంట మగ్గాలు ఆపుతవా అని అడగనీకి వచ్చిన."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "నేను మీకు అన్ననైతే మంచిదే. గని పొద్దుగూకే లోపట గీ బీము దించకుంటే మా సేటు నన్ను తమ్ముడనడు." మగ్గానికి వెనక చుట్టి ఉన్న పడుగు రోలును చూపించాడు. తర్వాత ఒక్కొక్క స్విచ్చూ ఆపుకుంటూ పోయాడు. "అర్ధగంటనే. ముప్పై ఒకటో నిమిషం సుత ఉండది."

షెడ్డు నిశ్శబ్దమైంది. అంచు దిద్దడం అప్పటికే అయింది కాబట్టి సుజాత మార్పిడి మొదలుపెట్టింది. నేను టేబుల్ ఫ్యాన్‌ను ఎత్తి చేతుల్లో పట్టుకుని రేకుల మీదికి వంచాను. స్క్రీన్ మూలన వేడి అంకె కదులుతోంది. నూరు దాటితే ఆగుతుంది. ఎనభై ఎనిమిది. తొంభై ఒకటి. చేతులు లాగేస్తున్నాయి. రాజేశం పట్టుకుంటానన్నాడు, ఇవ్వలేదు. కోణం కాస్త మారినా అంకె రెండు పెరుగుతోంది. సగానికి చేరేసరికి తొంభై ఆరు. ప్రాసెసర్ వేగం తనే తగ్గించుకుంది, పని నెమ్మదించింది. పాతిక నిమిషాల పని ముప్పై దాటింది. ఎనభై తొమ్మిది శాతం దగ్గర మల్లేశం గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

అతను స్క్రీన్ చూశాడు, నా చేతులు చూశాడు.

"నేను బీడీ తాగనీకి బయటికి పోతున్న," అన్నాడు. "నా బీడీ జర నిమ్మలంగ కాలుతది."

రెండూ ఇరవై అయిదుకు ఫైలు పెన్‌డ్రైవ్‌లో పడింది. రాజేశం మగ్గం దగ్గరికి ఉరికాడు. ఒకసారి పోగు తెగింది, ముడి వేసి మళ్లీ మొదలుపెట్టాడు. గుమాస్తా చెప్పిన వేళకే వచ్చాడు. పల్లూ దిగేసరికి నాలుగుంబావు. ఆలస్యం ఎందుకని అడిగితే రాజేశం కంప్యూటర్ సంగతి చెప్పాడు.

"మిషిన్ ఒకటి సంబాళించుకునుడు రాకుంటే మీతోని ఆర్డర్లు ఎట్లయితయి?" అన్నాడు గుమాస్తా.

రాజేశం చేతులు కట్టుకుని, "తప్పయింది సార్, మాకే..." అంటున్నాడు.

"తప్పు వాళ్లది కాదు," అన్నాను. "మిషిన్ నేను అమ్మిన. ఎట్ల వాడాలో సగమే చెప్పిన. వాళ్లు చెప్పినట్టే చేసిండ్రు."

గుమాస్తా నన్నొకసారి చూసి, పల్లూను వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూశాడు. మొదటి విడత రెండు మగ్గాలకే ఇస్తామన్నాడు. మిగతా రెండింటి సంగతి దాని తర్వాత. నాలుగు అడిగిన చోట రెండు. ఆ రెండు పోవడానికి కారణం నేనేనని నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు.

మూడో రోజున ఫ్యాన్ మార్చి, పెట్టెను గూట్లోంచి తీసి గోడకు ఎత్తులో బిగించి, ఎటునుంచి గాలి వస్తుందో ఎటు పోతుందో సుజాత చేత చేయి పెట్టించి చూపించాను. ఆ రోజు వాళ్లింట్లోనే తిన్నాను.

మిషిన్‌కు వచ్చే జబ్బులు పుస్తకాల్లో ఉంటాయి. మనం వస్తున్నామని తెలిసి సర్దిన గదిలో ఆ జబ్బు కనబడదన్న సంగతి వాటిలో లేదు. ఇప్పుడు పాత కొనుగోలుదారుల దగ్గరికి ముందు ఫోన్ చేయకుండా వెళ్తున్నాను. "నేను లేనప్పుడు దీన్ని ఎట్ల ఉంచుతరో అట్లనే చూపియ్యుండ్రి" అంటాను. చాలామంది సిగ్గుపడతారు, కాసేపు ఆగమంటారు, తుడవడానికి గుడ్డ వెతుకుతారు. వద్దంటాను. వాళ్లు ఒప్పుకునేదాకా గడప బయటే నిలబడతాను.