గుడ్డ కట్టిన జామకాయ

నా చిన్నప్పుడు మేం బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. నాయన లోకో షెడ్డులో ఫిట్టరు. బొగ్గు ఇంజన్ల మసి ఆరేసిన బట్టల మీదా ఉండేది, మా ముక్కుల్లోనూ ఉండేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు, పెరట్లో మా అవ్వ నాటిన జామచెట్టు మొదటిసారి కాపుకొచ్చింది. కాపంటే పెద్ద కాపేమీ కాదు. పూతంతా రాలిపోగా ఒకే ఒక్క కాయ నిలిచింది.

మా సంఘంలో తొలికాపు దేవుడిది. కోతల పండుగనాడు చర్చికి తీసుకెళ్లి ప్రభువు బల్ల ముందు పెట్టాలి. అందాకా ఇంట్లో ఎవరూ ముట్టకూడదు. అవ్వ ఆ కాయకు తెల్లగుడ్డ చుట్టి నారతో కట్టింది. ఉడతల కోసమని పైకి అనేది గానీ, ఆ గుడ్డ నా కోసమేనని నాకు తెలుసు. నిజం చెప్పాలంటే గుడ్డ కట్టకపోయి ఉంటే నేను ఆ కాయ వైపు చూసేదాన్నే కాదు. బజారులో జామకాయలు బుట్టలకొద్దీ దొరికేవి. గుడ్డ కట్టాక మాత్రం నిద్రలేవగానే పెరట్లోకే పోయేదాన్ని.

పండుగకు ఇంకా నాలుగు రోజులుందనగా తెంపాను. కట్టెల మోపుల వెనక కూర్చుని కొరికాను. పచ్చిది, ఒకటే వగరు. అయినా ఉమ్మేయడానికి మనసొప్పక మొత్తం నమిలి మింగి, గుడ్డను కట్టెల సందులో దోపాను. అప్పుడే అవ్వ వాకిట్లోంచి, "యాడుండావే?" అని కేకేసింది. రోజుకు పదిసార్లు అలా పిలిచేది, పదిసార్లూ పలికేదాన్ని. ఆరోజు పలకలేదు. మోకాళ్లు దగ్గరకు లాక్కుని ఊపిరి బిగబట్టాను. అవ్వ పిలిస్తే భయపడడం అదే మొదటిసారి.

మాకు సముద్రపొడ్డున ఉన్న జువ్వలదిన్నె నుంచి నడిచి చేపలు తెచ్చే అక్క ఒకామె ఉండేది. నిండు నెలల మనిషి. ఆ ఉదయం ఆమె జామచెట్టు కిందే కూర్చుని చేపలు బాగుచేసి ఇచ్చి పోయింది. సాయంత్రం కాయ లేదని తెలిసి అమ్మ నిలదీస్తే, ఆ అక్కే కోసుకుందని చెప్పాను. ఆలోచించి చెప్పింది కాదు, నోట్లోంచి దానంతటదే వచ్చింది. అందరూ ఇట్టే నమ్మారు. కడుపుతో ఉన్న మనిషికి కాయ మీద మనసు పోయిందంటే నమ్మకుండా ఎవరుంటారు.

మర్నాడు అమ్మ ఆమెను వాకిట్లోనే నిలబెట్టి అడిగింది. ఇరుగుపొరుగు చేరారు. ఆ అక్క గంప దించి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "నా కడుపు మీద ఒట్టమ్మా, నేను దాన్ని ముట్టనే లేదు" అంది. తలుపు చాటు నుంచి అంతా విన్నాను. బయటికి రాలేదు. అమ్మ ఆమెను ఇక మా గడప తొక్కవద్దంది.

పది రోజులు తిరక్కముందే ఆమెకు బిడ్డ చచ్చి పుట్టింది. అన్ని మైళ్ల నడకా, నెత్తిన మోతా ఏం చేశాయో ఎవరికి తెలుసు. మా వాళ్లు మాత్రం దేవుడి కాయ తిని దొంగ ఒట్టు పెట్టింది, ఊరికే పోతుందా అన్నారు. ఆ మాట జువ్వలదిన్నె దాకా పాకింది. ఒట్టేసి బిడ్డను పొట్టన పెట్టుకున్నావంటూ అత్త ఆమెను ఇంట్లోంచి గెంటేయబోతోందని తెలిసిన రోజు నేను కంచం ముందు నుంచి లేచిపోయాను.

ఆ మధ్యాహ్నం అవ్వ నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, కట్టెల సందులోంచి గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. ఆమెకు మొదటి రోజే తెలుసట. ప్రార్థనకు పక్కన మోకరించినప్పుడు నా నోట్లో జామ వాసన తగిలిందట. కొట్టలేదు. తినొద్దన్న పండు తిని ఆదాము చెట్ల చాటున దాక్కున్నప్పుడు దేవుడు ఎక్కడున్నావని అడిగింది తెలియక కాదనీ, తనంతట తానే బయటికి రావాలని అడిగాడనీ, తానూ అందుకే కాచుకుందనీ చెప్పింది. ఆపైన, "నువ్వు వస్తావని చూస్తా నేనూ దాక్కున్నానే. ఇంటి పరువు పోతాదని నోరు మూసుకున్నా" అంది. అవ్వ ఏడవగా చూడడం నాకు అదే మొదలు.

మర్నాడు తెల్లవారుతూనే ఎద్దులబండిలో జువ్వలదిన్నె పోయాం. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ల ముందు, ఆ అత్త ముందు, గుడ్డ చేత పట్టుకుని చెప్పాను. కాయ తిన్నది నేను, అక్క వేసిన ఒట్టు నిజం అన్నాను. తెలిసీ చెప్పని తప్పు తనదని అవ్వ చేతులు జోడించింది. అత్త తిట్టిన తిట్లు రాయదగినవి కావు, మాకు తగినవే. ఆ అక్క మాత్రం గుంజకు ఆనుకుని, పాలతో తడిసిన రవికె మీద కొంగు కప్పుకుంటూ నన్నే చూసింది. చివరికి, "తియ్యంగా ఉండిందా పాపా?" అని అడిగింది. లేదక్కా, పచ్చిది అన్నాను. ఆమె తల తిప్పుకుంది.

అత్త ఆమెను ఇంట్లో ఉండనిచ్చింది. అంతకు మించి మేం సరిచేయగలిగిందేమీ లేదు. ఆమె మళ్లీ మా కాలనీకి రాలేదు.

పెద్దయ్యాక ముప్ఫై ఏళ్లు సండే స్కూల్లో ఏదెను తోట కథ చెప్పాను. పిల్లలకు పండు తినమని పురిగొల్పిన పాము గురించి వినడమే ఇష్టం. నేను పాము దగ్గర ఎక్కువసేపు ఆగేదాన్ని కాదు, మా పెరట్లో పాము లేదు. తిన్న ఆదాము పక్కమనిషిని చూపించే చోటికి వచ్చేసరికి మాత్రం పిల్లల మొహాల్లోకి చూడకుండా చెప్పేదాన్ని. ఇప్పుడు చూపు మందగించి ఎక్కువగా వసారాలోనే కూర్చుంటున్నాను. కోడలు వంటింట్లోంచి ఎక్కడున్నారత్తయ్యా అని పిలుస్తుంది. ఆ మాట ఇంకా పూర్తికాకముందే, ఇక్కడే ఉన్నానమ్మా అంటాను.