రామాంజినమ్మ వంతు

అది 2023 వేసవి. అనంతపురంలో ఒక పెయింట్ల అంగడి పైన రెండు గదులు మా కంపెనీ ఆఫీసు. మేం తయారుచేసేది మొబైల్ స్టార్టరు. బోరు మోటారుకు బిగించే పెట్టె అది. లోపల ఒక సిమ్ ఉంటుంది, రైతు ఇంట్లో కూర్చుని ఫోన్ చేస్తే చేనులో మోటారు తిరుగుతుంది. నేను కస్టమర్ సపోర్టు చూసేదాన్ని. తిట్లు తినే ఉద్యోగం అని మా ఇంట్లో చెప్పుకుంటాను, అందులో అబద్ధమేమీ లేదు.

ఆ నెల మొదట్లో మా కళ్ళు నెత్తికెక్కి ఉన్నాయి. కణేకల్ డీలరు ఒకాయన పెద్ద ఆర్డరు ఇచ్చాడు, కొత్తవాళ్ళను పనిలోకి తీసుకున్నాం. అదే ఊపులో పెట్టెలన్నిటికీ ఒక అప్‌డేట్ పంపాం, అంటే లోపలి సాఫ్ట్‌వేర్‌ను ఆఫీసు నుంచే మార్చేశాం. అంతకుముందు పని మానేసిన జీతగాడొకడు కోపంతో పాత యజమాని మోటారును దూరం నుంచి తిప్పి కాల్చేశాడు. అందుకని ఇకపై యజమాని నంబరుకే మోటారు పలికేలా చేసి, భద్రత పెంచామని మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం.

తెల్లారేసరికి ఫోన్లు మోతెక్కిపోయాయి. మా సీమలో బోరుకు ఒకే యజమాని ఎక్కడుంటాడు? అన్నదమ్ములు భూమి పంచుకున్నా బోరు ఒకటే, రోజుకొకరి వంతు. మా ఆఫీసులో సగం మంది ఇళ్ళలో భాగాల బోర్లే, అయినా ఒక్కరికీ తట్టలేదు! వెనక్కి మార్చబోతే కొన్ని పెట్టెలు మొత్తానికే మూగబోయాయి. డీలరు ఆర్డరు ఆపేశాడు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా ఓపిక పట్టమన్నాడు మా ఓనరు సురేష్. ఓపిక పట్టాల్సింది మేం కాదు, చెట్లు.

అప్పుడు ఫోన్ చేసింది రామాంజినమ్మ. బెళుగుప్ప దగ్గర పల్లె. భర్త బెంగళూరులో లారీ తోలతాడు, చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఆమే చూసుకుంటుంది. బోరు బావ ఓబులేసు చేనులో ఉంది, స్టార్టరూ ఆయన నంబరు మీదే. భాగాల దగ్గర గొడవై ఆ రెండిళ్ళకూ చాలాకాలంగా మాటల్లేవు. కాయ రాలడం మొదలైందని, బిడ్డల్లా పెంచిన చెట్లని ఏడుపు గొంతుతో చెప్పింది. మీ బావనే వేయమని అడగమ్మా అన్నాను. అంతే, విరుచుకుపడింది.

“ఆయప్ప చేన్లో కాలు పెట్టనని ఒట్టేసుకున్నా. ఈ ఫోన్ ఉండబట్టే ఇన్నాళ్ళు ఆ గట్టు ఎక్కకుండా బతికినా. నా చెట్లు ఎండితే ఆ పాపం మీదే.”

మరుసటి రోజు ఇంకో ఫోన్. ఆమె బావ ఓబులేసే. తమ్ముని తోటలో ఆకు ముడుచుకోవడం గట్టు మీద నుంచి చూశాడట. ఆమె వంతు రోజున మోటారు తానే వేస్తానని, కంపెనీవాళ్ళే ఆఫీసు నుంచి వేస్తున్నారని ఆమెతో చెప్పమని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. మీరిద్దరూ మాట్లాడుకోలేక మధ్యలో నన్ను అబద్ధమాడమంటారా అన్నాను.

“చెట్లకు అబద్ధమైతే ఏమి, నిజమైతే ఏమి తల్లీ? నీళ్ళు కావల్ల గానీ” అన్నాడు.

ఆయన చెప్పమన్నట్టే చెప్పాను. కరెంటు వేళలు మారినా ఆమె వంతు మాత్రం తప్పలేదు. మొదట్లో నన్ను దుమ్మెత్తిపోసిన మనిషే తర్వాత “నస్రీనమ్మా, నీ కడుపు చల్లగుండ” అని దీవించసాగింది. సురేష్ ఆ ఫోన్ రికార్డింగు ఆఫీసంతా వినిపించాడు. తిట్లు పడీ పడీ వాడిపోయిన మావాళ్ళ మొహాలు విప్పారాయి. ఆ దీవెన నాది కాదని నాకు మాత్రమే తెలుసు.

నెలాఖరుకు కొత్త సాఫ్ట్‌వేర్ తయారైంది. ఇప్పుడు భాగస్థులందరి నంబర్లూ, ఎవరి వంతు ఏ రోజో కూడా పెట్టెలో ఎక్కించొచ్చు. కణేకల్ డీలరు గొణుక్కుంటూనే తిరిగొచ్చి, ఆర్డరు పెంచాడు కూడా. రామాంజినమ్మ ఊరికి నేనే పోతానని పట్టుబట్టి బయలుదేరాను. తోట పచ్చగా ఉంది. ఆమె మజ్జిగ ఇచ్చి పక్కన కూర్చుంది. నీ నంబరు ఎక్కిస్తే ఇక ఎవరి మీదా ఆధారపడే పని లేదంటూ ఫోన్ తీశాను.

“వద్దులేమ్మా” అంది.

మళ్ళీ చెడిపోతుందని భయపడుతోందనుకున్నాను. అది కాదట. మోటారు వేసేది ఎవరో మొదటి వంతు రోజే ఆమెకు తెలిసిపోయిందట. తోటలో పై వరస చెట్లు మిట్ట మీద ఉన్నాయి, వాటికి నీళ్ళు ఆలస్యంగా ఎక్కుతాయి. ఆ పాదులు నిండేదాకా మోటారు ఆగలేదట.

“మా మిట్ట చెట్ల సంగతి మీ ఆఫీసుకేం తెలుసు? ఆ గుంతలు తవ్వింది మా బావ.”

తెలిసి కూడా నన్నెందుకు అంతలా దీవించావమ్మా అని అడిగాను.

“ఆయప్పతో అనలేక నీతో అన్యా. ఇప్పుడు నా నంబరు ఎక్కిచ్చినావంటే ఆయప్ప మాకు చేసే పని ఏముంటాది? ఉండే ఆ ఒక్క దారీ మూసేయద్దు తల్లీ.”

కళ్ళనీళ్ళు ఆగలేదు, దాచుకోవాలనీ అనిపించలేదు. ఫోన్ సంచిలో పెట్టేసి ఇంకో గ్లాసు మజ్జిగ అడిగాను.

ఆఫీసుకొచ్చాక, ఆమె టికెట్, అంటే ఫిర్యాదు, ఇంకా ఎందుకు మూయలేదని సురేష్ సతాయించాడు. అది మూసేది కాదులే అన్నాను. అప్పటినుంచి ఏ ఫిర్యాదు వచ్చినా, బాగుచేసే ముందు ఇప్పుడెట్లా జరుపుకుంటున్నారని అడుగుతాను. మేం చెడగొట్టినచోట జనం అప్పటికే ఏదో ఒకటి అతుకు వేసుకుని ఉంటారు. దాన్ని ఊడబెరక్కూడదని నాకు నేర్పింది వాళ్ళిద్దరే, ఆ రుణం తీరేది కాదు.

ఆమె ఊరి నుంచి వచ్చిన సాయంత్రమే ఓబులేసన్నకు ఫోన్ చేశాను. కొత్తది వచ్చిందని, మీ మరదలి నంబరు మాత్రం ఎక్కించలేదని చెప్పాను.

“అయితే రేపు కూడా నేనే వేయల్లనా?” అన్నాడు.

నువ్వే వేయాలన్నా, అన్నాను.